రెండూళ్ళకీ సమానదూరం

ప్రజల భాగస్వామ్యం అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మాటలో తప్పు లేదు. దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగినవాణ్ణి కనక ఆ మంట నాది. కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళు కనబడినప్పుడు, "మీ రోజుల్లో ఊళ్ళకి ప్రణాళికలు ఎలా వేసేవారండీ?" అని అడుగుతుంటారు. ఊరివాళ్ళతో కలిసి కూచుని వేసేవాళ్ళం నాయనా. కలిసే కూచున్నాం, కలిసే తీర్మానించాం, కలిసే కట్టాం. తగలేసిందీ కలిసే. అలా తగలేసిన కథ ఒకటి చెబుతాను. ఓపికుంటే వినండి, లేకపోతే పేజీ తిప్పెయ్యండి, నేనేమీ అనుకోను.

అరవైల చివరి మాట. అప్పటికి విజయనగరం వేరే జిల్లా కాలేదు. శృంగవరపుకోట దగ్గర (అక్కడివాళ్ళు కోట అనే అంటారు), కొండల కింద ఉన్న ఒక పంచాయతీ సమితిలో నేను విస్తరణాధికారిని. పేరు పెద్దది, పని సైకిలు తొక్కడం. ఊరికి ఏం కావాలో కనుక్కుని కాగితం మీద పెట్టాలి, ఆఫీసు ఏమిచ్చిందో ఊరికి వెళ్ళి చెప్పాలి. మాది విజయనగరం టౌను. మా ఇంట్లో తాతగారి దగ్గర్నుంచీ అందరూ వీణో వయొలినో పట్టినవాళ్ళే. నాకు శ్రుతి కుదరక ఈ ఉద్యోగంలో పడ్డాను. పల్లెటూళ్ళ గురించి నాకు తెలిసిందంతా ట్రైనింగులో ఇచ్చిన పుస్తకంలోదే. ఆ పుస్తకం రాసినాయనకి ఎవరు చెప్పారో నాకు తెలియదు.

నా పరిధిలో రెండు ఊళ్ళుండేవి. ఒకటి కొండవైపు, ఇంకొకటి కోట రోడ్డు వైపు. పైఊరు, కిందూరు అంటాను, అసలు పేర్లు మీకెందుకు. మధ్య మైలున్నర దూరం, ఒక్కటే బండిదారి. రెండింట్లోనూ వరి, చోడి (రాగులు) పండించుకునే రైతులే. తరాల నుంచీ ఒకరికొకరు పిల్లల్ని ఇచ్చిపుచ్చుకున్నవాళ్ళే. పైఊరి ప్రెసిడెంటు చెల్లెల్ని కిందూరి ప్రెసిడెంటుకి ఇచ్చారు. అది చాలదన్నట్టు పైఊరాయన కూతుర్ని కిందూరాయన కొడుక్కి చేసుకున్నారు, మేనరికం. ఇద్దరూ ఒకరినొకరు "బావా" అనే పిలుచుకునేవారు. అలా పిలుచుకుంటూనే ఆ ఊరికి రావలసిన బావిని ఈయన ఆపించేవాడు, ఈ ఊరికి రావలసిన రోడ్డుని ఆయన ఆపించేవాడు.

అలాంటి రెండూళ్ళకీ కలిపి ఒక ప్రసూతి కేంద్రం మంజూరైంది. ఒక గది, ఒక వరండా, ఒక కాన్పు బల్ల, ఒక మిడ్‌వైఫు. సామాను సమితి ఇస్తుంది, స్థలం ఊళ్ళు ఇవ్వాలి, కట్టడం శ్రమదానం. ఎక్కడ కట్టాలన్నది మాత్రం రెండూళ్ళూ కూచుని ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే మంజూరు పక్క సమితికి పోతుంది. ఆ రోజుల్లో కాన్పు కష్టమైతే కోట ఆసుపత్రికి ఎడ్లబండి మీద పోవలసిందే. పోయినవాళ్ళందరూ తిరిగి వచ్చేవారు కాదు. ఈ సంగతి రెండూళ్ళలో ప్రతి ఇంటికీ తెలుసు. అంచేత ఒక్క మీటింగులో తేలిపోతుందనుకున్నాను.

ఏడు మీటింగులు పట్టింది. మొదటిది పైఊళ్ళో పెడితే కిందూరివాళ్ళు రాలేదు. రెండోది కిందూళ్ళో పెడితే పైఊరివాళ్ళు వచ్చి, చాపల మీద కూచోకుండా నిలబడ్డారు. మూడోదాని నుంచీ మాటలు మొదలయ్యాయి.

"మాకు కోట దూరం. కష్టం మాది. మా ఊళ్ళోనే కట్టాల," అన్నాడు పైఊరి ప్రెసిడెంటు.

"రోడ్డు మా ఊరికి దగ్గర. నర్సమ్మ బస్సు దిగితే మా ఊళ్ళోకే వస్తాది. మరి కొండెక్కి ఏటి సేస్తాది బావా?"

"అంటే మా ఆడోల్లు మీ గుమ్మం కాడికొచ్చి పడిగాపులు కాయాలేటి?"

"మరి మావోల్లు మీ గుమ్మం కాడికి రావాలేటి?"

ఇదే సంభాషణ నాలుగు మీటింగుల పాటు నడిచింది. మధ్యలో పాత గొడవలన్నీ వచ్చేవి. ఎప్పుడో ఒక పెళ్ళిలో కిందూరివాళ్ళకి పులుసు చాలలేదట, అదీ వచ్చింది. పులుసుకీ పురిటి గదికీ సంబంధం ఏమిటని అడిగితే నన్ను చంటిపిల్లాణ్ణి చూసినట్టు చూశారు. నేను మినిట్సు రాసుకుంటూ పళ్ళు నూరుకునేవాణ్ణి. మా సమితి ఆఫీసు పెద్ద, బి.డి.ఓ. గారు మాత్రం, "సహనం కావాలయ్యా, ప్రజాస్వామ్యం అంటే అదే," అని ఆఫీసులో ఫ్యాను కింద కూచుని సెలవిచ్చేవారు.

ఏడో మీటింగులో నాకు విసుగెత్తిపోయింది. "ఒక పని చేద్దాం. రెండూళ్ళ చివరి ఇళ్ళ నుంచీ సర్వే గొలుసు పట్టి కొలుస్తాను. సరిగ్గా సగం ఎక్కడ వస్తే అక్కడే కడదాం. ఎవరికీ ఎక్కువా లేదు, తక్కువా లేదు," అన్నాను. బావలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తరవాత ఇద్దరూ, "ధర్మంగా ఉన్నాది బాబూ," అన్నారు. ఎవరి సంతకం వాళ్ళు పెట్టారు. ప్రణాళిక ఫారంలో 'ప్రజల అంగీకారం' అనే గడిలో నేను 'సంపూర్ణము' అని రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను.

కొలవడానికి రెండు రోజులు పట్టింది. మొదటి రోజు కొలిచి వచ్చాక కిందూరివాళ్ళు తమ ఊరి చివర అదనంగా ఒక పశువుల పాక వేశారు. తమ ఊరు పెద్దదని చూపిస్తే కేంద్రం తమకి దగ్గరౌతుందని వాళ్ళ ఆలోచన. చివరి ఇల్లు ముందుకి జరిగితే సగం కూడా ముందుకే జరుగుతుంది, అంటే పైఊరి వైపుకి. ఆ సంగతి నేను నేల మీద పుల్లతో గీసి చూపించాక ఆ పాకని వాళ్ళే పీకేసుకున్నారు. నేను కడుపుబ్బ నవ్వుకున్నాను. అంతకంటే పెద్ద తెలివితక్కువ పని నా చేతిలో గొలుసు పట్టుకుని నేను చేస్తున్నానని అప్పటికి తెలియదు.

సగం వచ్చిన చోట దారిపక్కన కాస్త మెట్ట ఉంది. ఎవరూ సాగు చెయ్యని నేల. అక్కడక్కడ ఎండిపోయిన నిమ్మకాయలూ, పగిలిన కుండపెంకులూ, పసుపు పూసిన రాయి ఒకటీ కనిపించాయి. ఇంత మంచి చోటు ఊరికే వదిలేశారేమిటి అనుకున్నాను. గొలుసు పట్టిన మనిషి ఆ రాయిని చుట్టి వెళ్ళాడు. నేను దాటి వెళ్ళాను. టౌను వాణ్ణి కదా, చెత్త అనుకున్నాను.

శ్రమదానం మాత్రం కళ్ళపండువగా జరిగింది. పైఊరివాళ్ళు ఒక గోడ, కిందూరివాళ్ళు ఒక గోడ. ఎవరి గోడ ముందు లేస్తుందా అని పోటీ. ఆడవాళ్ళు మట్టి తట్టలు మోశారు. పైఊరి మంత్రసాని ఒకావిడ, అరవై దాటిన మనిషి, ఒకసారి వచ్చి గోడల చుట్టూ తిరిగి చూసింది.

"ఎవలికి బాబూ ఇది?" అని అడిగింది.

"కడుపుతో ఉన్నవాళ్ళకి అవ్వా. ఇకమీదట నీకు కాస్త విశ్రాంతి," అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, తాంబూలం పక్కకి ఊసి వెళ్ళిపోయింది. చేతిలో పని పోతుందని కడుపుమంట అనుకున్నాను. ప్రారంభోత్సవానికి పై అధికారి ఒకాయన వచ్చి, రెండూళ్ళు కలిసి ప్రణాళిక వేసుకోవడం అంటే ఇదీ అని మెచ్చుకున్నారు. నా భుజం తట్టారు. ఆ తట్టిన భుజాన్ని నేను ఒక వారం పాటు ఒళ్ళు తోముకునేటప్పుడు కూడా జాగ్రత్తగా చూసుకున్నానంటే నమ్మండి.

నర్సమ్మ వచ్చింది. కళింగపట్నం వైపు మనిషి, ముప్పై దగ్గర వయసు, చిన్నతనంలోనే భర్త పోయాడు. ఉద్యోగమే ఆవిడకి ఆధారం. కొత్తవలసలో రైలు దిగి, బస్సెక్కి, అక్కణ్ణుంచి బండి మీద ఒక ట్రంకు పెట్టెతో వచ్చి ఆ పొలాల మధ్య ఒంటి గదిలో దిగింది. గదిని కడిగింది. బల్లకి రెక్సిను పరిచింది. వరండాలో పొయ్యి పెట్టి పొద్దున్నే నీళ్ళు కాచి మూత పెట్టేది. రిజిస్టరులో గళ్ళు గీసుకుని కూచుంది.

నెల గడిచింది, రెండు గడిచాయి. ఒక్క మనిషి రాలేదు. ఆవిడే రెండూళ్ళూ తిరిగి ఇంటింటికీ వెళ్ళి గర్భిణీలని చూసేది, మాత్రలిచ్చేది. అందరూ పీట వేసి కూచోబెట్టేవారు. కాన్పుకి రమ్మంటే, "అలగే వస్తాం నర్సమ్మా," అనేవారు. రిజిస్టరులో ఆ మాట రాసుకోవడానికి గడి లేదు. మూడో నెలలో నేను వెళ్తే ఆవిడ వరండాలో చీపురు పట్టుకుని నిలబడి ఉంది.

"ఎవలి కోసం కట్టినారు సార్ ఇది? తేళ్ళ కోసమా?" అని అడిగింది.

"కొత్త కదమ్మా. అలవాటు కావాలి."

"అలవాటవడానికి మనుషులు రావాల కదా. పొద్దుట నుంచి సాయంకాలం దాకా దారి సూస్తన్నాను. బండ్లు వస్తన్నాయి, పోతన్నాయి. ఇక్కడికొచ్చేసరికి ఎడ్లని కొడతన్నారు. ఏటో మరి, నన్ను సూస్తే దడుసుకుంటన్నట్టు."

ఆ మాట విన్నాకైనా నాకు బుద్ధి రావాలి. రాలేదు. ఇదంతా మంత్రసాని పని అని తేల్చేశాను. తిన్నగా పైఊరు వెళ్ళి, వీధిలో పదిమంది ముందు ఆ ముసలావిడని నిలబెట్టి, ఆడవాళ్ళని రానివ్వకుండా చేస్తే సర్కారు ఊరుకోదని బెదిరించాను. ఆవిడ అంతా విని, "నీ సిత్తం బాబూ," అంది. ఈ వయసులో ఒంటరిగా కూచున్నప్పుడు అది గుర్తొస్తే నాకు సిగ్గేస్తుంది.

ప్రెసిడెంట్లని విడివిడిగా అడిగాను. ఇద్దరూ ఒకే జవాబు. "ఆడోల్ల సంగతి మాకేటి తెలుస్తాది బాబూ. రమ్మని సెప్తన్నాం." ఎక్కడ కట్టాలో ఏడు మీటింగుల్లో గొంతులు చించుకున్న మనుషులకి, ఎందుకు రావడం లేదో మాత్రం తెలియదట.

ఆరు నెలలు ఇలాగే గడిచేసరికి జిల్లా ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఒక్క కాన్పు కూడా జరగని కేంద్రం ఎందుకు, పోస్టుని వేరేచోటికి మారుస్తాం, తనిఖీకి అధికారి వస్తారు అని. వచ్చినాయన డాక్టరు కాదు, రిజిస్టర్లు చూసే పెద్దమనిషి. ఆయన్ని దింపి జీపు బి.డి.ఓ. గారి కోసం కోట వెళ్ళింది. నేనూ, నర్సమ్మా, కిందూరి ప్రెసిడెంటూ వరండాలో నిలబడ్డాం. పైఊరాయన రాలేదు. కేంద్రాన్ని ఉంచమని అడగడానికి ఇద్దరూ రావాలని ముందురోజే చెప్పి వచ్చాను. ఈ పూట కూడా బెట్టు చేస్తున్నాడని తిట్టుకున్నాను.

అధికారి ఖాళీ రిజిస్టరు పేజీలు ఒక్కొక్కటే తిప్పుతున్నారు. పది గంటలు దాటింది, ఎండ చురుక్కుమంటోంది. అప్పుడు పైఊరి వైపు నుంచి ఒక గూడుబండి వస్తోంది. పక్కనే పైఊరి ప్రెసిడెంటు, పైబట్ట కూడా లేకుండా, బండి కర్ర పట్టుకుని పరుగులాంటి నడక నడుస్తున్నాడు. బండిలోంచి ఆడమనిషి మూలుగు మా దాకా వినిపించింది. తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చిన ఆయన కూతురు. అంటే మా పక్కన నిలబడ్డ కిందూరాయనకి కోడలు. నొప్పులు మొదలై ఒక పగలూ రాత్రీ గడిచాయట. బిడ్డ ఎదురుకాళ్ళతో ఉందని, తన వల్ల కాదని మంత్రసాని చెబితే కోట ఆసుపత్రికి బయల్దేరారు.

నర్సమ్మ రిజిస్టరునీ అధికారినీ వదిలేసి దారి మధ్యకి వెళ్ళి చేతులు చాపి నిలబడింది.

"ఆపండి. కోట దాకా ఆగదు. దింపండి, నాను సూస్తాను. బల్ల ఉన్నాది, నీళ్ళు కాగి ఉన్నాయి."

"ఆపొద్దు, ఆపొద్దు, తోలీరా," అని అరిచాడు పైఊరాయన.

"ఆపకండి, బేగి దాటించీయండి," అని నా పక్కనుంచి కిందూరాయన అంతకంటే గట్టిగా అరిచాడు.

ఆ ఇద్దరూ ఒకే మాట మీద నిలబడగా నేను చూడడం అదే మొదలు. బండి తోలేవాడు ఎడ్లని అదిలించాడు. నర్సమ్మ పక్కకి తప్పుకోకపోతే చక్రం కాలి మీదుగా పోయేది. పదడుగుల దూరంలో బల్ల, వేణ్ణీళ్ళు, సర్కారు మందులపెట్టె. వాటి ముందునుంచి ఆ పిల్ల మూలుగుతూ వెళ్ళిపోయింది.

నర్సమ్మ లోపలికి ఒక్క పరుగున వెళ్ళి సంచి తెచ్చింది. "సార్, నీళ్ళు పట్టండి," అని నాతో అని, చీర కుచ్చిళ్ళు దోపుకుని బండి వెనక పరుగెత్తింది. ఫర్లాంగు దూరం పోయాక బండి వెనక పలక పట్టుకుంది. లోపలినుంచి ఒక చెయ్యి వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది. నేను వీధిలో నిలబెట్టి తిట్టిన మంత్రసానిదే ఆ చెయ్యి.

"ఎక్కు తల్లీ, బేగి ఎక్కు. కాలు కనబడతన్నాది," అంటోంది ముసలావిడ.

నేను వేణ్ణీళ్ళ గిన్నె గుడ్డతో పట్టుకుని పొలంగట్టు మీద పరుగు. సగం నీళ్ళు పంచె మీద ఒలికి కాళ్ళు కాలాయి. నా వెనక జిల్లా అధికారి, ఆయన వెనక కిందూరాయన. బండి కిందూరి మొదటి కళ్ళం దగ్గరికి చేరాక గానీ ఆగలేదు. అక్కడ నూర్పిళ్ళ పనిలో ఉన్న ఆడవాళ్ళు చుట్టూ మూగి చీరలు అడ్డం పట్టారు. కిందూరి ప్రెసిడెంటు భార్య, అంటే పైఊరాయన చెల్లెలు, నా చేతిలో గిన్నె లాక్కుంది.

"ఇలగియ్యి బాబూ. నువ్వు అలగెల్లు," అంది.

నేను అటు వెళ్ళాను. ఇద్దరు ప్రెసిడెంట్లూ గడ్డిమేటుకి చెరో పక్కా కూలబడ్డారు. ఎంతసేపు గడిచిందో చెప్పలేను. లోపల నర్సమ్మ గొంతూ మంత్రసాని గొంతూ ఒకదాని తరవాత ఒకటి వినిపించాయి. కాళ్ళు ముందు వచ్చాయి, చేతులు వచ్చాయి, తల రాలేదు. పైఊరాయన నేల మీద గుద్దుకుంటున్నాడు. ఆ తరవాత ఒక చెంపదెబ్బలాంటి చప్పుడు, ఆ వెనక సన్నటి ఏడుపు.

"ఆడగుంట," అని చెప్పింది కిందూరాయన భార్య బయటికొచ్చి. "తల్లీ పిల్లా బాగున్నారు."

జీపు తిరిగొచ్చాక తల్లినీ బిడ్డనీ కోట ఆసుపత్రికి పంపించాం. అప్పుడు నేను ఆ ఇద్దరి ముందూ నిలబడ్డాను. నా నోటికి ఏం వస్తే అది అన్నాను. అన్నీ ఇక్కడ రాయలేను. చివరికి పైఊరాయన తల ఎత్తకుండా చెప్పాడు.

"అది పొలిమేర బాబూ. అమ్మోరి పండగయ్యాక ఆ తల్లిని సాగనంపీది అక్కడే. ఊళ్ళో మసూచికం వచ్చినా, పసోల్లకి దిష్టి కొట్టినా, తీసి పారేసీది అక్కడే. కడుపుతో ఉన్న మనిషి దాటొచ్చు. ఆగకూడదు. అక్కడ నీలాడితే, పురుడొస్తే, తల్లయినా దక్కదు, పిల్లయినా దక్కదు."

"ఈ సంగతి రెండూళ్ళకీ తెలుసా?"

"పొలిమేర ఎవలికి తెలీదు బాబూ?"

"మరి ఏడు మీటింగుల్లో ఒక్కరైనా నోరు విప్పలేదేం?"

"ఎలగ సెప్తాం. ఇక్కడొద్దని నానన్నాననుకో, మరెక్కడ అంటారు మీరు. అప్పుడది బావ ఊరికి పోతాది."

"నానన్నా అంతే కదా," అన్నాడు కిందూరాయన. "ఆల్లూరికి పోతాది."

"అంటే ఎవరికీ పనికిరాకపోయినా పరవాలేదా?"

"ఎవలికీ నేకపోతే గొడవ నేదు కదా బాబూ," అన్నాడు కిందూరాయనే, ఎంతో సౌమ్యంగా.

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. కళ్ళంలో గోడ లేదు. నేను అంత శ్రద్ధగా గొలుసు పట్టి, అంగుళం తేడా రాకుండా, రెండూళ్ళ పొలిమేర ఎక్కడుందో కనిపెట్టాను. సరిగ్గా దాని మీదే పురిటి గది కట్టించాను. రెండూళ్ళవాళ్ళూ మట్టి మోసి మరీ సాయం చేశారు.

తిరిగి కేంద్రానికి వచ్చాక అధికారి మెత్తబడ్డారు. "అర మైలు దూరంలోనే కదా జరిగింది. కేంద్రంలో జరిగినట్టే రాసుకోమ్మా. మొదటి కాన్పు అయిందని నేను పోస్టు ఉంచమని రాస్తాను," అన్నారు. నేను సంబరపడ్డాను. నర్సమ్మ చేతులు కడుక్కుని వచ్చి కలం పట్టుకుంది.

"బండిలో నీలాడింది సార్. బండి అనే రాస్తాను. ఇక్కడని రాస్తే ఈ గది ఇక్కడే ఉండిపోతాది. రేపు ఇంకో పిల్ల బండెనక నాను మల్లీ పరిగెట్టాల."

ఆయన కాసేపు ఆలోచించి మూడు నెలలు గడువిచ్చారు. ఏదో ఒక ఊళ్ళో ఒక గది చూసి కేంద్రాన్ని అందులోకి మార్చాలి. రెండు ఊళ్ళ ప్రెసిడెంట్లూ ఒప్పుకుని సంతకాలు పెట్టాలి. లేకపోతే పోస్టు వెళ్ళిపోతుంది. మూడు నెలలు ఎందుకు, మూడు రోజులు చాలని నేను అన్నాను. కళ్ళెదుట చావు తప్పాక ఇంకా ఎవరు పోట్లాడతారు?

నిజమే, ఎవరూ పోట్లాడలేదు. ఈసారి మర్యాదలు మొదలయ్యాయి.

ఎనిమిదో మీటింగులో పైఊరాయన లేచి, "బావ ఊళ్ళోనే పెట్టండి బాబూ. ఆల్ల ఊరి కళ్ళంలో నా కూతురు బతికింది," అన్నాడు. నేను కలం తీశాను. కిందూరాయన అడ్డం వచ్చాడు. "అదెలగ? ఆడపిల్లనిచ్చినోల్ల దగ్గర లాక్కున్నామని నలుగురూ అనుకోరేటి? బావ ఊళ్ళోనే పెట్టండి," అన్నాడు. "అల్లుడోల్ల సొత్తు మాకెందుకు బావా, మేం ఒల్లం," అని ఆయన. "ఆడపిల్లోల్ల సొత్తు మాకెందుకు," అని ఈయన. వెనక కూచున్న పెద్దలు రెండు వైపులా తలలూపారు. ముందు ఒప్పుకున్న ఊరు తగ్గినట్టట. ఏడాది కిందట ఇదే గది కోసం పులుసు గొడవ తవ్వి తీసిన మనుషులు వీళ్ళే.

తొమ్మిదో మీటింగులో బతిమాలాను. పదో మీటింగులో అరిచాను. పదకొండో మీటింగులో చీటీలు వేశాను. పైఊరు వచ్చింది. హమ్మయ్య అనుకునేలోపల పైఊరాయన రెండు చేతులూ జోడించి, "దేవుడిచ్చినా నానొల్లను బాబూ. ఇది నా మనవరాలి ఊరికే పోవాల," అన్నాడు. కిందూరాయన కళ్ళు తుడుచుకుని, "సూసినారా మా బావ మనసు," అన్నాడు. సంతకం మాత్రం ఎవరూ పెట్టలేదు. నేను ఆ చీటీ చింపి నోట్లో పెట్టుకుని నమిలేశానని తరవాత ఊళ్ళో చెప్పుకున్నారు. అది అబద్ధం. చింపిన మాట నిజం.

ఈలోపల నర్సమ్మ, "ఏదో ఒక అరుగు మీద కూకోబెట్టండి సార్, సంతకాలు తరవాత సూద్దాం," అని ఎంత చెప్పినా నేను వినలేదు. రెండు సంతకాలూ లేనిదే మార్చకూడదని కాగితంలో ఉంది. కాగితంలో ఉన్నది దాటడం నాకు చేతకాలేదు. మూడు నెలలూ అయిపోయాయి. పోస్టుని వేరే సమితికి మారుస్తూ ఆర్డరు వచ్చింది. ఆ ఆర్డరు పట్టుకుని నేనే వెళ్ళాను.

నర్సమ్మ ట్రంకు సర్దుకుంది. బండి కిందూరు దాకా వచ్చేసరికి రెండూళ్ళ ఆడవాళ్ళూ పాతికమంది దాకా దారిమీద నిలబడి ఉన్నారు. వాళ్ళలో నలుగురైదుగురు నిండు నెలల మనుషులు. మంత్రసాని వచ్చి నర్సమ్మ చెయ్యి పట్టుకుని వదల్లేదు. కిందూరాయన భార్య మనవరాల్ని చంకనేసుకుని తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"ఎందుకు పంపేస్తన్నారు బాబూ?" అని అడిగింది.

"నేనేం చెయ్యనమ్మా. ఏ ఊరో మీవాళ్ళు తేల్చుకోలేకపోయారు."

"ఏ ఊరయితేటి?" అందావిడ. "నాను ఆ ఊళ్ళో పుట్టినాను, ఈ ఊళ్ళో కాపరానికొచ్చినాను. నా కోడలూ అంతే. ఇదిగో, ఈల్లందరూ అంతే. ఈ ఊరి కోడళ్ళు ఆ ఊరి ఆడపిల్లలు, ఆ ఊరి కోడళ్ళు ఈ ఊరి ఆడపిల్లలు. తొలి కానుపు పుట్టింట్లో, మలి కానుపు అత్తింట్లో. ఆ ఊళ్ళో పెట్టినా వచ్చీవోళ్ళం, ఈ ఊళ్ళో పెట్టినా వచ్చీవోళ్ళం. మాకు రెండూ మా ఊళ్ళే బాబూ. తగువంతా మొగోల్లకి."

పదకొండు మీటింగుల మినిట్సూ నా చేతిరాతే. ఒక్క దాంట్లోనూ ఒక్క ఆడమనిషి పేరు లేదు. నిండు నెలల్లో ఉన్న ఒకమ్మాయి నడుం మీద చెయ్యేసుకుని నా మొహంలోకే చూస్తోంది, నేనేదో చెబుతానని.

"సార్, తోలమంటారా?" అని అడిగాడు బండివాడు.

ఆర్డరు నా చేతిలోనే ఉంది. తోలమన్నాను.